వేటగాళ్ళ గుమ్మం

ద్రెనొవిక్,
ఈస్టర్ వెళ్ళిన మంగళవారం

నా చిట్టితల్లీ, నా కంటివెలుగూ, నెవెనా!

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. పోస్ట్‌మాన్ ఇంకా గేటు దాటలేదు, వెనక్కి పిలిచి రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టేశాను. "ఏం రాడిసవ్ తాతా, లాటరీ తగిలిందా?" అన్నాడు. "లాటరీ ఎవడిక్కావాలిరా! మా అమ్మాయికి పెళ్ళి!" అన్నాను. మీ అమ్మేమో కిటికీలోంచి, "ఇక ఈ వీధిలో కుక్కలకే చెప్పాలి, మనుషులందరికీ అయిపోయింది" అని వేళాకోళం. అననీ! కుక్కలకి కూడా చెప్పాను. మొరిగాయి, అంటే సంతోషించాయనే కదా!

ఒగ్న్యెన్ ఫిజిక్స్ మేష్టారని రాశావు. రోజంతా మాట్లాడే ఉద్యోగం కాబట్టి ఇంట్లో వినడం నువ్వే నేర్పించాలి. ఫొటోలో కళ్ళు మంచివి. నీ కుర్చీ వెనక నిలబడకుండా పక్కన నిలబడ్డాడు, అది చూశాను నేను. ముసలాణ్ణే కాని గుడ్డివాణ్ణి కాను.

ఇప్పుడు అసలు సంగతి విను. పెళ్ళి ఇక్కడ, మన ద్రెనొవిక్‌లో చేద్దాం, సెప్టెంబరులో, ప్లమ్ పళ్ళు కోతకొచ్చే వేళ. నోవి సాద్‌లో పెద్ద పెద్ద హాళ్ళుంటాయి, కాదనను. కాని అక్కడ నా కూతురి పెళ్ళి చూసి ఏడ్చేవాడు ఎవడున్నాడు? ఇక్కడ నా బేకరీలో రొట్టె తిని పెరిగిన ఊరంతా ఉంది. మన మునిసిపాలిటీ మేడ మీద ఆ పెళ్ళి హాలు, ఆ ఎర్ర తివాచీ, నేనూ అమ్మా నిలబడిన చోటే నువ్వూ. అమ్మ నీ కుర్చీ చక్రాలకు పూలదండలు అల్లుతానని ఇప్పుడే దారాలు ఏరుతోంది.

ఇంకొకటి. నిన్ననే స్రెతెన్ ఇంటికి వెళ్ళాను. నా చేత్తో కాల్చిన రొట్టె పట్టుకుని, పెళ్ళి పిలుపు సారా నింపిన సొరబుర్రకు పూలు చుట్టుకుని. మన కుమ్, నీ పెళ్ళికి పెద్ద సాక్షి, అతను కాక ఎవరు? వాళ్ళ తాత మీ తాతకు పెళ్ళి సాక్షి, వాళ్ళ నాన్న నాకు. స్రెతెన్ స్వయంగా నీకు పేరు పెట్టినవాడు. రొట్టె విరిచాడు, బుర్ర అందుకుని తాగాడు, కావలించుకున్నాడు. ఇక రాసి పెట్టినట్టే! మునిసిపాలిటీ కార్యదర్శే మన కుమ్ అయ్యాక మనకేం లోటు?

ఫోన్ చెయ్యకు, సగం నాకు వినపడదు, మిగతా సగం నేను చెప్పనివ్వనని నువ్వే అంటావు. ఉత్తరం రాయి.

ఒళ్ళు తెలియని సంతోషంతో,
మీ నాన్న

*

నోవి సాద్,
ఏప్రిల్ చివర

నాన్నా,

నీ ఉత్తరం ఒగ్న్యెన్‌కి చదివి వినిపించాను. కుక్కల దగ్గర నవ్వాడు, "పక్కన నిలబడ్డాడు" అన్న చోటు మళ్ళీ చదవమన్నాడు. నువ్వంటే ఇష్టం కుదిరినట్టే ఉంది.

ద్రెనొవిక్‌లోనే చేసుకుందాం. నాకూ అదే కోరిక. కాని ఒక్క షరతు, జాగ్రత్తగా చదువు. అమ్మకు పైకి చదివి వినిపించు.

నేను ఆ హాల్లోకి నా కుర్చీలో, నా చేతులతో చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళాలి. నన్నెవరూ ఎత్తుకోకూడదు. నువ్వు కాదు, ఒగ్న్యెన్ కాదు, దేవుడు దిగొచ్చినా కాదు. ఎవరైనా ఎత్తారో, రిజిస్ట్రారు అడిగినప్పుడు "ఒప్పుకోను" అని చెప్పి తిరిగి వచ్చేస్తాను. బెదిరింపు కాదిది. నన్ను నువ్వెరుగుదువు.

పద్దెనిమిదేళ్ళప్పుడు గుర్తింపు కార్డు కోసం వెళ్ళాం, జ్ఞాపకముందా? గుమాస్తా కిందికి దిగొచ్చి, మెట్ల కింద పుచ్చకాయల బండి పక్కన నా వేలిముద్ర తీసుకున్నాడు. అందరూ చూస్తుండగా. నువ్వు అతనికి పదే పదే దండాలు పెట్టావు. నాకు ఆ రోజు కార్డు వచ్చింది కాని, నేను పౌరురాల్ని అయినట్టు లేదు, నా కోసం ఎవరో దయ తలచినట్టుంది. పెళ్ళి కూడా అలా దయ మీద చేసుకోను.

స్రెతెన్‌ని నన్నడక్కుండానే అంత తొందరగా ఎందుకు పిలిచావు నాన్నా? కొన్నాళ్ళు ఆగాల్సింది. అడిగేశావు కాబట్టి ఇక ఏమంటాను.

నెవెన

*

ద్రెనొవిక్,
మే నెల, అకేషియా పూసిన వారం

నా బంగారుతల్లీ!

నీ షరతు అమ్మకు పైకి చదివాను. "సరిగ్గా నా కూతురే" అని గరిటె పట్టుకుని గర్వంగా నిలబడింది. నీ షరతు ఒప్పుకున్నాను, వెయ్యిసార్లు ఒప్పుకున్నాను! ఇంతకంటే తేలిక కోరిక ఏ కూతురైనా కోరిందా? కొందరు వజ్రాలడుగుతారు.

అదే రోజు కాఫీ కొట్లో స్రెతెన్‌ని పట్టుకున్నాను. "కుమ్, మా అమ్మాయి తన కుర్చీలోనే పైకి రావాలంటోంది" అన్నాను. "దాందేముంది! లిఫ్టు గురించి మేయరు ఎన్నికలప్పుడే చెప్పాడుగా. పెళ్ళికూతురు పైకి వస్తుంది. నా మాట" అన్నాడు. అయిపోయింది! గుండె మీద చెయ్యేసుకుని నిద్రపో.

ఎలా అని అడిగావా అంటావు, నీ సంగతి తెలుసు. అడగలేదమ్మా. కుమ్ నోటితో "నా మాట" అన్నాక, ఎలా అని అడుగుతారా ఎవరైనా? ముఖాన ఉమ్మేసినట్టు ఉండదూ?

బ్యాండు వాళ్ళకి చెప్పాను. పక్క ఊరి నుంచి బాకా వాయించేవాళ్ళు వస్తారు, వాళ్ళు ఊదితే పైకప్పు పెంకులు ఎగురుతాయి. క్యాబేజీ చుట్టలకి మాంసం ఎవరి దగ్గర కొనాలో అమ్మా నేనూ రోజూ పోట్లాడుకుంటున్నాం. ఇంత తీపి పోట్లాట జన్మలో పోట్లాడలేదు.

నెత్తిన పాలు పోసినంత చల్లగా ఉన్న
మీ నాన్న

*

నోవి సాద్,
జూన్ మొదట్లో

నాన్నా,

గ్రోజ్దాన ఫోన్ చేసింది. అదే, నాతో చదువుకున్న పిల్ల, ఇప్పుడు అక్కడ రిజిస్ట్రారు. పెళ్ళి వేళ ఖాయం చెయ్యడానికి చేసింది. మాటల్లో అడిగాను, లిఫ్టు ఎప్పుడు పెడుతున్నారని.

"ఏ లిఫ్టే? మీ కుమ్ అగ్నిమాపకం వాళ్ళని నలుగుర్ని మాట్లాడి పెట్టాడుగా, మంచి కండలున్నవాళ్ళని. నిన్ను సింహాసనం మీద మోసినట్టు మోస్తారట. ఫొటోలు భలే వస్తాయిలే" అంది.

పాపం దాని తప్పేం లేదు. తప్పు నీది. ఎలా అని నువ్వు అడిగి ఉండాల్సింది.

ఇప్పుడు నేను దాచింది నేనూ చెప్పాలి. గ్రోజ్దాన దగ్గర్నుంచి కాకుండా నా దగ్గర్నుంచే నువ్వు వినాలి. చలికాలంలో, ఒగ్న్యెన్ పెళ్ళి మాట ఎత్తకముందే, బెల్‌గ్రేడ్‌లో మాలాంటివాళ్ళ ఫిర్యాదులు వినే ఆఫీసుకి ద్రెనొవిక్ మునిసిపాలిటీ మీద రాశాను. పుట్టుక, చావు, పెళ్ళి, పింఛను, కార్డు, అన్నీ మేడ మీదే, మేడ ఎక్కలేనివాళ్ళు వీధిలో నిలబడాలి, ఇది చట్టానికి విరుద్ధం అని. భవనానికి బాధ్యుడు ఎవరో పేరు రాయమన్నారు. రాశాను. కార్యదర్శి స్రెతెన్.

అతను మన కుమ్ అని నాకు తెలియదా? తెలుసు. కాని ఆ కార్యదర్శి కుర్చీలో కూర్చున్నది అతనే. ఈ నెలలోనే వాళ్ళకి నోటీసు వెళ్తుంది.

నువ్వు అంత ఆనందంగా రొట్టె పట్టుకుని వెళ్ళావని చదివినప్పుడు చెప్పడానికి నోరు రాలేదు.

నెవెన

*

ద్రెనొవిక్,
జూన్, ఆదివారం

నెవెనా,

నోటీసు వచ్చింది.

స్రెతెన్ నిన్న ఇంటికొచ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి టోపీ తియ్యకుండా లోపలికొచ్చాడు. నేనిచ్చిన సారా బుర్ర, వాడిన పూలతో సహా, బల్ల మీద పెట్టాడు. బుర్ర తిరిగిచ్చాడంటే పిలుపు తిరిగిచ్చినట్టే.

"మూడు తరాలు, కుమ్," అన్నాడు. "మూడు తరాల్లో మీ ఇంటి వాళ్ళు ఒక్కరు మా ఇంటి మీద ఒక మాట అనలేదు. ఇప్పుడు నేను పేరు పెట్టిన పిల్ల నా పేరు బెల్‌గ్రేడ్‌కి రాసింది."

"కూర్చో కుమ్, మా ఆవిడ కాఫీ పెడుతుంది" అన్నాను.

"కూర్చోను. ఆ ముందు మెట్లు నేను కట్టానా? పాత భవనం, రాయి కదపకూడదని పై నుంచి కాగితాలు. లిఫ్టుకి మేయరు ఊ అనడు, ఉహు అనడు. నా చేతిలో ఏముంది? నా ఇంట్లో పెళ్ళిలా చెయ్యాలని నలుగుర్ని మాట్లాడాను. దానికిదా మర్యాద?"

మీ అమ్మ ఊరుకుందా! "వాళ్ళని నీ కూతురి పెళ్ళికి పిలుచుకో స్రెతెన్, బస్తాలా మోస్తారు" అంది. నేను అమ్మ నోరు ముయ్యబోయాను. నా చేతిని కొరికినంత పని చేసింది.

పునీత పేతురు పండగ లోపల ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే వస్తాడట. లేకపోతే కుమ్ కాడు. ఈ ఊళ్ళో కుమ్ తిరిగి వెళ్ళిపోయిన పెళ్ళి నేను చూడలేదు. చూసినవాళ్ళూ లేరు.

నేను కోపంగా ఉన్నాను. నీ మీదో, అతని మీదో, నా మీదో తేలడం లేదు. వెనక్కి తీసుకో, తల్లీ. పెళ్ళయ్యాక మళ్ళీ రాయి, రోజుకొకటి రాయి, నేనే తపాలా బిళ్ళలు అతికిస్తాను. ఇప్పుడు మాత్రం తీసుకో.

బ్యాండు వాళ్ళకి ఇంకా ఏమీ చెప్పలేదు.

నాన్న

*

నోవి సాద్,
పునీత పేతురు పండగ ముందు రోజు

నాన్నా,

తీసుకోను.

ఎందుకో మళ్ళీ రాయను, రాసిందే చాలు. "పెళ్ళయ్యాక" అన్నావు. మాలాంటివాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒకటి అయ్యాకే. ఎన్నికలయ్యాక, రోడ్డు వేశాక, చలికాలం పోయాక.

ఇక్కడి మునిసిపాలిటీలో లిఫ్టు ఉంది. తలుపు తెరుచుకుంటుంది, లోపలికి వెళ్తాను, మీట నొక్కుతాను. ఎవరూ తల తిప్పి చూడరు. సెప్టెంబరులో అదే రోజు, ఒగ్న్యెన్, నేను, బడి నుంచి ఇద్దరు సాక్షులు. నువ్వూ అమ్మా బస్సెక్కి రండి. కుమ్ లేని పెళ్ళికి రావడానికి సిగ్గనిపిస్తే, రాకపోయినా నేనేమీ అనుకోను.

చివరి మాట అబద్ధం. అనుకుంటాను.

నెవెన

*

ద్రెనొవిక్,
జులై చివర

నెవెనా, నా ప్రాణమా,

ఇన్నాళ్ళు రాయలేదు. కలం పట్టుకుంటే ఉత్త "రాను", "వస్తాను" మాత్రమే వచ్చేవి, రెండూ చించేశాను. ఈ రోజు రాస్తున్నాను, తొందరలో గీకుతున్నాను, అక్షరాలు చూసి భయపడకు, ఒంట్లో బాగానే ఉంది.

పొద్దున నా పింఛను కాగితం కోసం మునిసిపాలిటీకి వెళ్ళాను. వాన. మెట్ల కింద చూరు అంచున మన కొసారమ్మ, మిల్లు పక్కింటావిడ, పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి నడకచట్రంతో తిరుగుతోందే, ఆవిడ నిలబడి ఉంది. ఒక సంచి ఛాతీకి హత్తుకుని. "ఏం కొసారా?" అంటే, "ఎవరైనా పైకి వెళ్ళేవాళ్ళుంటే కాగితాలిద్దామని. ఇందాక ఒకడు వచ్చి తీసుకుంటానని పైకెళ్ళాడు, మర్చిపోయి వెనక నుంచి వెళ్ళిపోయాడు కాబోలు" అంది. తడిసి ముద్దయింది. సరిగ్గా అదే వేళ, ఆవిడ వెనక కిటికీలోంచి పెద్దగా నవ్వులు. కింది అంతస్తు హాలు. వెచ్చగా, దీపాలు వెలుగుతూ. వేటగాళ్ళ సంఘం.

అమ్మాయ్, నా జీవితమంతా ఆ కిటికీ ముందు నుంచి నడిచాను. గోడల మీద పంది తలలు, దుప్పి కొమ్ములు, బీరు పీపాలు. అది వేటగాళ్ళది, ఆఫీసు పైన, అంతే, సూర్యుడు తూర్పున అన్నట్టు. ఈ రోజు వానలో కొసార పక్కన నిలబడితే మొదటిసారి విచిత్రంగా కనిపించింది.

పైకి వెళ్ళాను. వరండా నిండా జనం. స్రెతెన్ గది తలుపు ముందు నిలబడి గట్టిగా పిలిచాను. వచ్చాడు. పండగ తరవాత మేమిద్దరం ఎదురుపడటం అదే మొదలు. నేను టోపీ తీశాను.

"స్రెతెన్! దేవుడి పేరున, పునీత యోహాను పేరున నిన్ను అడుగుతున్నాను" అన్నాను.

వరసలో ఒకావిడ శిలువ గుర్తు వేసుకుంది. ఆ పేర్లు పెట్టి అడిగితే కాదన్నవాడి ఇంటికి ఏమవుతుందో పసిపిల్లలకీ తెలుసు. స్రెతెన్ ముఖం పాలిపోయింది, తరవాత కళ్ళు తడి అయ్యాయి. మళ్ళీ కుమ్‌గా రమ్మని అడుగుతాననుకున్నాడు పాపం.

"అడుగు, కుమ్" అన్నాడు.

"వేటగాళ్ళని పైకెక్కించు. ఆఫీసుని కిందికి దించు."

"ఏమిటీ?"

"నీ వేటగాళ్ళు పందుల వెంట కొండలెక్కుతారు కదా. ఒక్క అంతస్తు ఎక్కలేరా? కొసార ఎక్కలేదు. నా కూతురు ఎక్కలేదు. పెళ్ళిళ్ళు, పింఛన్లు, కార్డులు కింద పెట్టు. పంది తలలు పైన పెట్టు, వాటికి గాలి బాగా తగులుతుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత అందరూ. స్రెతెన్ నా చెయ్యి పట్టుకుని గదిలోకి లాగి తలుపేశాడు.

"ఇందుకా దేవుణ్ణి పిలిచావు? నన్ను ఉచ్చులో బిగించావు ముసలోడా!"

"వేటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడివి నువ్వు. ఉచ్చు చూసి గుర్తుపట్టాల్సింది."

కిటికీ దగ్గరికి వెళ్ళి పెరటి వైపు చూశాడు. "మేయరు నన్ను నమిలేస్తాడు" అన్నాడు. ఇంకాసేపటికి, "పెరటి వైపు గుమ్మానికి వాలు కూడా ఉంది" అన్నాడు. పీపాలు దొర్లించడానికి వేటగాళ్ళు ఎప్పుడో సిమెంటు పోసుకున్నారట. తరవాత నా వైపు వేలు చూపించాడు. "ఇది దేవుడి కోసం. ఫిర్యాదు సంగతి వేరు. అది నేను మర్చిపోలేదు. కుమ్‌గా వస్తానని అనలేదు."

సాయంత్రమే తలలు పైకి మొయ్యడం మొదలుపెట్టారు. గడ్డి కూరిన పెద్ద పందిని, నిలువెత్తుదాన్ని, నలుగురు పట్టుకుని మెట్ల మలుపులో ఇరుక్కుపోయారు. కొసార కింద నుంచి, "నన్ను మోస్తాం రమ్మన్నవాళ్ళు మీరేగా! ఇప్పుడు తెలిసిందా, మోయించుకునేదానికి ఎలా ఉన్నా మోసేవాళ్ళకి నడుం పోతుంది!" అని అరిచింది. ఊరంతా నవ్వింది.

వచ్చెయ్, తల్లీ! వాలు ఉంది, హాలు ఉంది. కుమ్ లేడు, పోనీ. అది నాకు నొప్పే, కాని మోస్తాను.

నాన్న

*

నోవి సాద్,
ఆగస్టు

నా నాన్నా,

ఉత్తరం చదివి, కొసారమ్మ మాట దగ్గర కుర్చీలోంచి పడబోయాను. తరవాత ఏడ్చాను. నువ్వు వరండాలో టోపీ తీసి నిలబడటం ఇంకా నా కళ్ళ ముందే ఉంది.

అందుకే ఇది రాయడం ఇంత కష్టంగా ఉంది.

ఆ పెరటి గుమ్మం నాకు తెలుసు. చెత్తడబ్బాల మధ్య నుంచి దారి. అటు నుంచి పీపాలు వెళ్తాయి, చచ్చిన పందులు వెళ్తాయి. పెళ్ళివాళ్ళందరూ ముందు మెట్లెక్కి పెద్ద గుమ్మంలోంచి వస్తారు, బాకాలు అక్కడ ఊదుతారు. నేనొక్కదాన్నే చుట్టూ తిరిగి, డబ్బాల పక్క నుంచి వచ్చి లోపల కలుస్తాను. నాన్నా, నేను బతుకంతా వెనక గుమ్మాల్లోంచే వెళ్ళాను. సినిమాకి వంటగదిలోంచి, రైలుకి సామాను గేటులోంచి. పెళ్ళిరోజు కూడా వెనక గుమ్మమేనా?

ఒగ్న్యెన్, "మీ నాన్న ఇంత చేశాక కూడానా?" అన్నాడు. మొదటిసారి పోట్లాడుకున్నాం. ఇంకా సరిగా మాట్లాడుకోవడం లేదు.

నీ మనసు ఎంత విరిగిపోతుందో తెలుసు. అయినా రాను. ఇక్కడే చేసుకుంటాం. నన్ను మన్నించు.

నెవెన

*

ద్రెనొవిక్,
ఆగస్టు, మరియమ్మ పండగ వెళ్ళాక

అమ్మాయ్! అమ్మాయ్! అమ్మాయ్!

ముందు ఒగ్న్యెన్‌తో మాట్లాడు, తరవాత ఇది చదువు. వద్దు, ఇద్దరూ కలిసి చదవండి.

నీ ఉత్తరం అందిన రోజు నేను అన్నం ముట్టలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. మీ అమ్మ చదివింది, కోటు వేసుకుంది, "లే. అది చెప్పిందాంట్లో అక్షరం తప్పు లేదు. స్రెతెన్ దగ్గరికి పద" అంది. నేను ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను అంటే, "ఉన్న ముఖమే పెట్టుకుని రా" అంది.

స్రెతెన్ ఇంట్లో బల్ల దగ్గర అమ్మే నీ ఉత్తరం పైకి చదివింది. పీపాలు, పందులు, వంటగదులు, సామాను గేట్లు, అన్నీ. అతను వింటూ బ్రెడ్డు ముక్కలు ఏరుతున్నాడు. చివర్న, "అయితే నా గుమ్మం దానికి వెనక గుమ్మం అయ్యింది" అన్నాడు. నేను తిడతాడేమో అనుకున్నాను. లేచి సిగరెట్టు ముట్టించాడు. "ముందు గుమ్మం నుంచి రావడానికి నేనేమీ చెయ్యలేను, ఆ రాళ్ళు నా చేతిలో లేవు. కాని తాళాలు నా చేతిలో ఉన్నాయి" అన్నాడు.

తెల్లారి ఏం చేశాడో తెలుసా? ముందు పెద్ద గుమ్మానికి తాళం వేశాడు! మునిసిపాలిటీ పేరున్న ఇత్తడి పలక విప్పి, పెరటి గుమ్మం నెత్తిన బిగించాడు. జెండా కూడా తీసుకెళ్ళి అక్కడ పెట్టాడు. ముందు తలుపు మీద అట్ట కట్టాడు: ప్రవేశం పెరటి వైపు, అందరికీ.

నేను ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను, ఈ వినోదం వదులుకోలేక. మేయరు కారు ఆగింది. మెట్లెక్కాడు. తలుపు లాగాడు. అట్ట చదివాడు. మళ్ళీ చదివాడు. "స్రెతెన్!" అని పైకి అరిచాడు.

కిటికీ తెరుచుకుంది. "ఆ పక్క నుంచండీ."

"నేను? చెత్తడబ్బాల పక్క నుంచా?"

"వాటిని తీయించండి మరి. రోజూ మీరే వెళ్ళాలిగా."

మధ్యాహ్నానికి డబ్బాలు లేవమ్మా! ఎన్నో ఏళ్ళు కొసార మొత్తుకున్నా కదలని డబ్బాలు మధ్యాహ్నానికి లేవు! మరునాడు కంకర వచ్చింది, ఆ మరునాడు దారి చదును చేశారు. వాలు బాగా నిటారుగా ఉందని గ్రోజ్దాన అంటే, పగలగొట్టించి పొడుగ్గా, మెల్లగా మళ్ళీ పోయించాడు. మేయరు ఇప్పుడు రోజూ అటు నుంచే వస్తున్నాడు, నిమ్మకాయ నమిలినట్టు ముఖం పెట్టుకుని.

రాత్రి స్రెతెన్ మా ఇంటికొచ్చాడు. టోపీ తీశాడు. బల్ల మీద ఇంకా అలాగే ఉన్న సారా బుర్ర చూసి, "ఇది నాది. ఇలా ఇవ్వు" అన్నాడు. అమ్మ పూలు మార్చి ఇచ్చింది.

ఫిర్యాదు గురించి అతను అడగలేదు. నేనూ నిన్ను అడగను.

ఇప్పుడు అది వెనక గుమ్మం కాదు. వస్తావా?

మీ నాన్న

*

నోవి సాద్,
అక్టోబరు

నాన్నా, అమ్మా,

ఇంటికి చేరాం. ఒగ్న్యెన్ పాఠాల్లో మునిగాడు, నేను మీరిచ్చిన మిరపకాయ పచ్చడి సీసాలు సర్దుతూ రాస్తున్నాను.

ద్రెనొవిక్‌లో పెళ్ళి రోజున నాకు ఎంత భయం వేసిందో ఎవరికీ చెప్పలేదు. వాలు మొదట్లో ఆగాను చూడు, అందరూ నేను గౌను కుచ్చిళ్ళు సర్దుకుంటున్నానని అనుకున్నారు. మేయరు ఫొటోగ్రాఫరుతో వచ్చి నా కుర్చీ పిడి పట్టుకోబోయాడు. నేను "ఒప్పుకోను" అన్న మాట అప్పుడే నోటి దాకా తెచ్చుకున్నాను. ఇంతలో స్రెతెన్ మధ్యలో నిలబడ్డాడు.

"పెళ్ళికూతుర్ని కుమ్ తప్ప ఎవరూ ముట్టుకోరండి" అన్నాడు. మేయరు వెనక్కి తగ్గాడు. అప్పుడు నా వైపు తిరిగి చేతులు రెండూ వీపు వెనక కట్టుకున్నాడు. "కుమ్ కూడా ముట్టుకోడు" అన్నాడు మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా.

తరవాత చక్రాలు నేనే తిప్పాను. ఎక్కాను, గుమ్మం దాటాను, బాకాలు మోగాయి. లోపల నువ్వు ఏడుస్తున్న శబ్దం బాకాల పైనుంచి కూడా వినిపించింది, నాన్నా.

అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాను. స్రెతెన్ పేరు బెల్‌గ్రేడ్‌లో నిందితుడిగా ఉండటం ఇప్పుడు నాకు బాగా లేదు. ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నాను. కాగితం సిద్ధంగా ఉంది, సోమవారం పోస్టు చేస్తాను. అతనికి అది నా పెళ్ళి కానుక.

నెవెన

*

ద్రెనొవిక్,
అక్టోబరు, శుక్రవారం, వేగిరం

చిట్టితల్లీ,

పోస్టు చెయ్యకు! ఈ ఉత్తరం స్రెతెన్ కారులో పక్క పట్నం దాకా పోయి వేగం తపాలాలో వేస్తున్నాం, సోమవారం లోపల అందాలి.

నీ ఉత్తరం చదివి నేను పొంగిపోయి స్రెతెన్ దగ్గరికి పరిగెత్తాను, శుభవార్త అని. అతను విని కుర్చీలోంచి లేచాడు. "వద్దను! దానికి చెప్పు, వద్దను!" అన్నాడు. నాకేం అర్థం కాలేదు. నేను జూన్‌లో ఏది చెయ్యమని నీకు రాశానో, అదే ఇప్పుడు అతను వద్దంటున్నాడు.

సంగతేమిటంటే, మేయరు కాచుకుని కూర్చున్నాడు. పెళ్ళయిపోయింది, ఫొటోలయ్యాయి, బెల్‌గ్రేడ్ కాగితం ఒక్కటి మూతపడితే చాలు, ముందు గుమ్మం తెరుస్తాడట, హాలు వేటగాళ్ళకి, ఆఫీసు మళ్ళీ మేడ మీదికి. వేటగాళ్ళు రోజూ అడుగుతున్నారు, మెట్లెక్కి వస్తుంటే బీరు రుచి పోతోందని! "ఫిర్యాదు నడుస్తోంది, ఇప్పుడు ఏం కదిపినా మెడకి చుట్టుకుంటుంది" అని చెప్పి స్రెతెన్ అందర్నీ ఆపుతున్నాడు. ఆయుధం అదొక్కటే అతని దగ్గర. నువ్వు కానుక అని అదే లాక్కోబోతున్నావు.

నిన్న కొసార లోపలికొచ్చింది, ఒక్కతే. నడకచట్రం టక టక కొట్టుకుంటూ వరసలో నిలబడింది. ముందున్నతను "మీరు ముందు రండి" అంటే, "నేనెందుకొస్తాను? నా వరస నాకుంది" అని తిట్టింది. ఆవిడ ముఖం చూడాల్సింది తల్లీ. కిటికీ దగ్గరికి వెళ్ళి తన కాగితాలు తనే తోసింది.

ఇప్పుడు స్రెతెన్ నా పక్కనే కూర్చుని ఈ ఉత్తరంలోకి తొంగి చూస్తున్నాడు, నా అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని వెక్కిరిస్తున్నాడు. తన మాటగా రాయమంటున్నాడు, రాస్తున్నాను:

"అమ్మాయీ, నా పేరు అక్కడే ఉండనీ, నాకేం బరువు లేదు. అంతే కాదు, ఇంకా చేర్చు. నీళ్ళ బిల్లు కట్టే కౌంటరు, అది కూడా మేడ మీదే. లైబ్రరీ. ఆసుపత్రిలో చీటీ ఇచ్చే కిటికీ ఎంత ఎత్తుందంటే కూర్చున్నవాళ్ళు కనపడరు. వీటి బాధ్యులు ఎవరో నాకు తెలుసు, పేర్లు చెప్తాను. బడ్జెటు డిసెంబరులో. ఆ లోపల రాయి. కాగితం చాలకపోతే వెనక వైపు కూడా రాయి."

అదీ అతని మాట. నేను దానికి ఏమీ కలపను. తపాలా బిళ్ళలు మాత్రం నేనే అతికిస్తాను.

మీ నాన్న